ముందుగదికి తాళం వేసిన కెర్నెల్

ఉమ్‌కోమాస్ దగ్గరి చెరకు మిల్లులో యూనిక్స్ కంప్యూటరు చూసుకోవడానికి నన్ను హైదరాబాదు నుంచి పిలిపించుకున్నారు. అక్కడ తెల్లవాళ్ల పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చి రెండేళ్లు దాటింది. నా వయసు ముప్పై. తలపొగరు మాత్రం ముగ్గురికి సరిపడా ఉండేది. దిగిన వారంలోనే నోటుపుస్తకం తీసి, హైదరాబాదులో బ్రహ్మాండంగా నడిచిన సెట్టింగులన్నీ ఆ మిషన్‌ను నడిపించే మూల ప్రోగ్రాములోకి, అంటే కెర్నెల్లోకి, దించేశాను. ఉన్న మెమరీలో సగానికి పైగా డిస్కు బఫర్లకు ఇచ్చేశాను. డిస్కు నుంచి చదివింది మళ్లీ పనికొస్తుందేమోనని దాచుకునే చోటే బఫరు. అది ఎంత పెద్దదైతే మిషన్ అంత చురుగ్గా ఉంటుందని నా గట్టి నమ్మకం.

కోతల కాలం వచ్చేదాకా ఢోకా లేదు. ఆ తర్వాతే మొదలైంది. పొద్దున్నే లారీలు తూకానికి వరస కట్టగానే కంప్యూటరు తెరలన్నీ బిగుసుకుపోయేవి. తూకం చీటీ రాదు, లారీ కదలదు, ఎండలో చెరకు ఎండిపోతుంది.

పొద్దున షిఫ్టులో కంప్యూటరు గదిలో ఉండేది మెరీబ్యాంక్ అనే పేట నుంచి వచ్చే తెలుగమ్మాయి. వాళ్ల ముత్తాతలు మన కోస్తా నుంచి చెరకు కొట్టడానికి వచ్చినవాళ్లు. పాత రోజుల్లో ఆ గదిలోకి ఆమెలాంటి వాళ్లను రానిచ్చేవారు కాదు. ఆరేళ్లు టెలిఫోను బోర్డు దగ్గర కూర్చున్నాక, రోజులు మారాకే ఆ కుర్చీ దక్కింది. వేరే షిఫ్టుల్లో మిషన్ ఆగదు, ఈమె ఉన్నప్పుడే ఆగుతుంది. తప్పు ఆమెదే అనడానికి ఇంకేం కావాలి? సోమవారం మళ్లీ ఆగితే ఆమెను టెలిఫోను బోర్డుకు తిప్పి పంపేస్తానని మేనేజరు శుక్రవారం మా ఇద్దరి ముందే చెప్పేశాడు.

ఆయన వెళ్లాక ఆమె నా వైపు తిరిగింది. "అన్నా, నేను రాంగ్ ఏం చెయ్యలే. అందరూ వన్ టైమ్ వస్తే మిషీను నిలబడిపోతాది. చూడు, నేను రాసినా." ఏ పూట ఎన్ని తెరలు తెరిచి ఉన్నాయో, ఎప్పుడు ఆగిందో, ఒక స్కూలు పుస్తకంలో వరసగా రాసి పెట్టింది.

నేను సరిగా చూడనైనా చూడలేదు. "సెట్టింగుల్లో తప్పు లేదమ్మా, హైదరాబాదులో రెండేళ్లు నడిచాయి," అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే తన్నుకోవాలనిపిస్తుంది.

అయినా ఆ ఆదివారం నన్ను భోజనానికి పిలిచింది. నేనైతే పిలిచేవాణ్ని కాదు. వాళ్ల కుటుంబం అవ్వ కాలంలోనే చర్చిలో చేరింది. ఆరాధన నుంచి వచ్చినవాళ్లంతా కలిపి పదిమందిమి. ముందుగదిలో ప్లాస్టిక్ తొడుగు తియ్యని సోఫాలు, పింగాణీ బొమ్మలు, ఈగ కూడా వాలని బల్ల. నేను పోయి సోఫాలో కూర్చోబోతే అవ్వ వంటింట్లోంచి కేకేసింది. "ఓ నాయనా, అక్కడ కూకోకు! అది పాస్టరుకి, ఇంటికొచ్చే ఇసిటర్లకి. నువ్వు మనోడివి, కిచెన్లోకి రా."

వంటింట్లో కుర్చీలు నాలుగే. ఒకరు కూర్చోవాలంటే ఇంకొకరు పళ్లెం పట్టుకుని వరండాలోకి పోవాలి. పోయినవాళ్లకు పులుసు కావాలంటే మళ్లీ లోపలికి రావాలి, అప్పుడు ఇంకొకరు లేవాలి. పావుగంట గడిచింది. అందరూ తిరుగుతున్నారు, ఒక్కరి ముద్దా నోట్లోకి పోవడం లేదు. అవ్వేమో, "తిండేప్పుడు డాన్సు ఏంటే?" అని మనవరాలినే తిడుతోంది.

నా చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. అది నా మిషనే. సగం మెమరీకి తాళం వేసి, రాని పాస్టరు కోసం అట్టిపెట్టినవాణ్ని నేనే. హైదరాబాదులో ముగ్గురే వాడేవాళ్లు, పైగా పెద్ద పెద్ద ఫైళ్లు చదివేవాళ్లు. అక్కడ ఆ లెక్క సరిపోయింది. ఇక్కడ పన్నెండు తెరలు. చోటు చాలక కెర్నెల్ ప్రోగ్రాములను డిస్కు మీదికి గెంటుతూ, మళ్లీ లోపలికి లాగుతూ, అదే పనిగా తిరుగుతోంది. గెంటించిందేమో నేను, తిట్లు తింటున్నది ఆ పిల్ల.

"నీ పుస్తకం ఏది?" అని అడిగాను. తీసుకొచ్చింది. ఎనిమిది తెరలు దాటిన ప్రతిసారీ ఆగింది. ఒక్క తప్పు లేదు.

సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పు నాదే," అన్నాను. ఆమె పుస్తకం వెనక్కి తీసుకుని, "సో, కమాన్, కార్ తియ్," అంది. అవ్వ మా వెంట అన్నం డబ్బా పంపింది.

తిన్నగా మిల్లుకు పోయాం, ఆదివారం అది ఆగి ఉంటుంది. బఫర్లను మెమరీలో ఆరో వంతుకు తగ్గిద్దామని, ఆ అంకెను ఆమె చేతే కొట్టించాను. కొత్త కెర్నెల్ తయారుచేసి మిషన్ తిరిగి లేపాం. ఇద్దరం పరుగెత్తి పన్నెండు తెరలూ తెరిచాం. డిస్కు మీదికి గెంటేసిన మెమరీ ముక్కల లెక్క చూపే వరసలో సున్నా. మళ్లీ సున్నా. మళ్లీ సున్నా. నేను కుర్రాడిలా గెంతాను. ఆమె గెంతలేదు. "టుమారో చూద్దాం," అంది.

సోమవారం లారీల వరస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. ఆమె కూర్చుంది. చీటీ వెంట చీటీ! డ్రైవర్లు చెయ్యి ఊపి పోతున్నారు. పదింటికి బయట ఒక్క లారీ లేదు.

మేనేజరు వచ్చి, "అయితే ఆ అమ్మాయి ఏం తప్పు చేస్తోంది ఇన్నాళ్లూ?" అని నన్ను అడిగాడు. నోరు మూసుకుంటే గడిచిపోయేది. "తప్పు నా అంకెది సార్. కనిపెట్టింది ఆవిడ పుస్తకం," అన్నాను. ఆయన ఆ పుస్తకాన్ని నిలబడే చదివాడు. తిరగేసి మళ్లీ చదివాడు. ఇకపై మిషన్ బాధ్యత ఆవిడదేనని, నేను ఆవిడకు సాయంగా ఉండాలని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున నేను వెళ్లి కెర్నెల్ సెట్టింగులు తెరవబోతే పాస్‌వర్డ్ పనిచేయలేదు. మూడుసార్లు కొట్టాను. వెనక నుంచి గొంతు వినిపించింది.

"చేంజ్ చేసినా, అన్నా. నీకు నంబరు మార్చాలంటే, ఫస్ట్ నాకు చెప్పు."

నా జీవితంలో అంత సంతోషంగా ఇంకెప్పుడూ ఓడిపోలేదు.