ఇడిశిపెట్టు

శంషాబాద్ ఎయిర్‌పోర్టు క్యాబ్‌లకు యాప్ రాసే చిన్న ఆఫీసులో నాకు మొదటి ఉద్యోగం. ఇంకా పర్మనెంట్ కాలేదు. చేరిన వారంలోనే టీమ్ లీడ్ అందరి ముందూ నా పరువు తీశాడు.

మేం వాడే భాషలో, మెమరీలో ఉన్న ప్రతి వస్తువునూ ఎందరు పట్టుకుని ఉన్నారో ప్రోగ్రామే లెక్కపెట్టుకుంటుంది. మరి ఆ వస్తువు ఎప్పుడు పోతుందని అడిగాడు.

"ఆఖరికి పట్టుకున్నోళ్లు ఇడిశిపెట్టంగనే పోతది సార్. గప్పుడే!" అన్నాను.

"ఇడిశిపెట్టడమేంటమ్మా? ఇది మీ మామిడిపల్లి సంత అనుకున్నావా? రిలీజ్ అనడం రాదా?"

అందరూ పగలబడి నవ్వారు. జవాబు తప్పని మాత్రం ఒక్కరూ అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఉండు నాయనా, నీ పని చెప్తా అనుకున్నాను.

కొన్నాళ్లకు యాప్ సాయంత్రమయ్యేసరికి ఆగిపోవడం మొదలైంది. డ్రైవర్లు లబోదిబోమన్నారు. లీడ్ వెళ్లి, తప్పంతా ఈ కొత్తమ్మాయిదేనని మేనేజర్‌కు చెప్పేశాడు. నన్ను తీసేస్తారని ఆఫీసంతా గుసగుసలు. ఏడుస్తూ కూర్చోలేదు. ఆయన రాసిన కోడ్ ముందేసుకున్నాను.

దొరికాడు! ట్రిప్పు తన డ్రైవర్‌ను పట్టుకుంది, డ్రైవర్ తిరిగి ట్రిప్పును పట్టుకున్నాడు. ప్రయాణం ముగిసి బయటివాళ్లంతా వదిలేసినా ఆ రెండూ ఒకదాన్నొకటి వదలవు. లెక్క సున్నాకు రాదు. అయిపోయిన ట్రిప్పులన్నీ మెమరీలోనే పేరుకుపోయాయి.

చాటుగా చెప్పొచ్చు. చచ్చినా అలా చెప్పననుకున్నాను. మర్నాడు మీటింగ్‌లో ఆ రెండు లైన్లూ పెద్ద తెర మీద పెట్టాను. ఎవరు రాశారో పక్కనే కనిపిస్తోంది. లీడ్ ముఖం మాడిపోయింది.

"ఇప్పుడేం చేయాలి?" మేనేజర్ ఆయన్నే అడిగాడు.

"ట్రిప్పు అవ్వగానే డ్రైవర్ దాన్ని రిలీజ్..."

"గట్ల కాదు సార్," అడ్డుపడ్డాను. "జర మా మామిడిపల్లి మాటల చెప్పుండ్రి."

లీడ్ మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ నవ్వు ఆపుకుంటూ, "చెప్పండి, పర్లేదు" అన్నాడు.

"ఇడి... ఇడిసిపెట్టాలి."

అబ్బ! కడుపు నిండిపోయింది. ఉద్యోగం కూడా నిలిచింది.

అయినా కసి తీరలేదు. ప్రతి మీటింగ్‌లోనూ ఏదో వంకతో ఆ మాట ఆయన చేత పలికించాను. చివరికి ఒకరోజు, క్యాంటీన్‌లో నేను ఒంటరిగా చాయ్ తాగుతుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"తప్పయిందమ్మా. ఇగ నన్ను ఇడిశిపెట్టు."

ఈసారి ఆ మాట అచ్చం మా ఊళ్లోలాగే పలికాడు.

"ఇడువ సార్," అన్నాను.