సున్నపు రాళ్ళ బరువు

మదనపల్లె దగ్గర కొండవాలున ఉన్న క్షయ ఆసుపత్రిలో మాకు బుధవారం తూకం రోజు. ఆడవాళ్ళ వార్డు వరండాలో త్రాసు నిలబెట్టి, ఇరవై నాలుగు మంచాలవాళ్ళనూ వరసగా ఎక్కించేవాళ్ళు. బరువు పెరిగితే తోటలో నడవడానికి అనుమతి, ఇంకా పెరిగితే ఇంటికి. తగ్గితే మళ్ళీ మంచమే. ఎవరి బరువెంతో పక్కవాళ్ళకు చెప్పకూడదనేది ఆసుపత్రి పెట్టిన నియమం కాదు, మేం పెట్టుకున్నదే. చెబితే దిష్టి తగులుతుందని భయం. పొద్దున ప్రార్థనలో అందరం కలిసి పాడేవాళ్ళం, త్రాసు దిగాక మాత్రం ఎవరి మొహం వాళ్ళు తిప్పుకునేవాళ్ళం.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నేను కుప్పం నుంచి వచ్చాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు, మొండిదాన్ని. మొదట్లో బాగానే పుంజుకున్నాను. తర్వాత బుధవారం బుధవారానికీ తగ్గడం మొదలైంది. అదే నెలల్లో ఇంటినుంచి ఉత్తరాలు కూడా పలచబడ్డాయి. దిగులు పెట్టుకుంటే తిన్నది ఒంటికి పట్టదని నర్సమ్మ మందలిస్తే నమ్మాను. ఏడ్చినందుకే చిక్కిపోతున్నానని మళ్ళీ ఏడ్చాను.

నా పక్క మంచం ఆమెది పుంగనూరు దగ్గర పల్లె. నాకంటే ఐదారేళ్ళు పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. పాలు తాగే బిడ్డను అత్త చేతిలో పెట్టి వచ్చింది. ఆమె బరువు బాగా పెరుగుతోందని, త్వరలో పంపించేస్తారని నర్సమ్మే వార్డంతా వినబడేలా మెచ్చుకుంది. నాకు కడుపు మండింది. దాచడమెందుకు, అసూయే.

ఒక బుధవారం ఆమె చీర సర్దుకుంటుంటే నడుము దగ్గర తెల్లటి మరక కనబడింది. తోటలో దారి అంచుకు పేర్చిన రాళ్ళకు సున్నం కొట్టేవాళ్ళు. పిడికెడంత రాళ్ళు మూడు, వారాల తేడాతో ఒక్కొక్కటే తెచ్చి, పాతగుడ్డలో చుట్టి, చీర లోపల నడుముకు కట్టుకుంది. నేను చూశానని ఆమెకు తెలిసిపోయింది.

"యాల అక్కా ఇట్ల సేస్తాండావు?" అన్నాను.

"నా బిడ్డ నన్ను మర్సిపోతాండాది. మొన్న గేటు కాడికి ఎత్తుకోనొస్తే నన్ను సూసి ఏడ్సింది. ఎవురికీ సెప్పొద్దమ్మా."

చెప్పలేదు. నెల తిరక్కుండా ఆమెను ఇంటికి పంపారు. వెళ్ళేముందు ఆ గుడ్డమూట నా తలగడ కింద పెట్టి, నీకూ పనికొస్తాయని గుసగుసగా అంది. నేనూ ఒక బుధవారం కట్టుకున్నాను. వరండా దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి విప్పేసి, నా పెట్టె అడుగున దాచాను. అది నిజాయితీ అని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. భయపడ్డాను, అంతే.

చాలా నెలలకు నాకు నయమైంది. కుప్పం చేరేసరికి ఇంట్లో నా కంచం, నా లోటా వంటింటి బయట గూట్లో విడిగా పెట్టి ఉన్నాయి. అమ్మ కూడా దూరంగా నిలబడి వడ్డించింది. అంతమంది మధ్య అంత ఒంటరితనం ఆసుపత్రి మంచం మీద కూడా ఎరగను. మూడు నెలలు ఓర్చుకుని కొండకే తిరిగొచ్చాను. నయమైనవాళ్ళకు అక్కడ ఏదో ఒక పని దొరికేది. నాకు కాగితాల గది అప్పగించారు.

యుద్ధం ముగిశాక పెద్ద డాక్టరు ఒక పని చెప్పారు. ఆ రోజుల్లో మా వార్డులో ఉన్న ఇరవై నాలుగుమంది బరువులూ కేసుకాగితాల్లోంచి తీసి, గళ్ళ కాగితం మీద ఒక్కొక్కరికీ ఒక గీత గీయాలి. తిండిలో కోతలు ఏయే వారాల్లో పడ్డాయో స్టోరు పుస్తకంలో చూసి అడుగున గుర్తు పెట్టాలి.

ముందు నాదే గీశాను. బర్మా బియ్యం రాక, మాకు అన్నం తగ్గించి సంకటి పెట్టిన వారం నా గీత కాస్త ఒంగింది. పాలు సగం చేసిన వారం నుంచి జారిపోయింది. తర్వాత రెండోది, మూడోది గీశాను. అవీ ఆ వారాల్లోనే ఒంగాయి. పదో గీత దగ్గర పెన్సిలు కింద పెట్టేశాను. కోపమొచ్చింది, ఎవరిమీదో తెలియదు. నన్ను తిన్నది దిగులు కాదు. ఎక్కడో జరిగే యుద్ధం మా గ్లాసుల్లో పాలు తగ్గించింది. వార్డు వార్డంతా ఒకేసారి చిక్కిపోతూ, ఎవరికి వాళ్ళం అది మా తప్పేననుకుని దుప్పటి ముసుగేసుకున్నాం.

ఒక్క గీత మాత్రం పైకి పోయింది. డాక్టరు దానిమీద వేలు పెట్టి, మనోధైర్యముంటే ఆ కరువులోనూ కోలుకోవచ్చనడానికి ఇదే రుజువు, నివేదికలో రాస్తానన్నారు. అది నా పక్క మంచం అక్క గీత. వెళ్ళిపోయినవాళ్ళ క్షేమం కనుక్కుంటూ ఆసుపత్రి ఏటా కార్డు రాసేది. ఆమె కాగితాల వెనక కుట్టిన జవాబు కార్డు ఆయన చూడలేదు. ఇల్లు చేరిన నాలుగో నెలలో పోయిందని భర్త రాశాడు. బిడ్డ గురించి అందులో ఒక్క ముక్క లేదు.

మరునాడు మధ్యాహ్నం వరండా ఖాళీగా ఉన్నప్పుడు నా పెట్టె అడుగునుంచి ఆ రాళ్ళు తీసి త్రాసు మీద పెట్టాను. ఆమె గీత మూడుచోట్ల మెట్టెక్కినట్టు లేచింది. ఒక్కో మెట్టుకు ఒక్కో రాయి సరిపోయింది. ఆ బరువులు తీసేసి మళ్ళీ గీశాను. గీత కిందికి తిరిగి, నా గీత పక్కనే, దాన్ని ఆనుకునే దిగింది.

కాగితం, కార్డు, రాళ్ళు డాక్టరు బల్లమీద పెట్టాను. ఆయన కార్డు తిప్పి చదివి, అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగారు. ఆమె వద్దంది అన్నాను. అది సగమే నిజం. ఆయనకు చెప్పకపోవడం కాదు నన్ను ఇప్పటికీ కోస్తున్నది. నేనూ తగ్గిపోతాండానక్కా అని ఆ మంచం వైపు తిరిగి ఒక్కసారి అని ఉంటే, తగ్గేది తనొక్కతే కాదని తెలిసి ఆమె ఆ రాళ్ళు విప్పేదేమో. అనలేదు. దిష్టి తగులుతుందని.