మధ్యాహ్నాలు ఆగిపోయే కంప్యూటర్

మేము అనకాపల్లిలో కాపురం పెట్టింది ఒక టెలిఫోన్ తీగ కోసం. మా అత్తగారి ఊరు మాకవరపాలెం దగ్గర పల్లె. అక్కడ ఇంట్లో ఫోన్ ఉండేది కానీ దానికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చేది కాదు. బావ అంటే నా భర్త. మేనత్త కొడుకు కావడంతో చిన్నప్పటి పిలుపే మిగిలిపోయింది. అతను సరుకుల ఓడలో ఇంజిన్ గదిలో పనిచేసేవాడు. ఓడ ఎక్కితే నెలల తరబడి కనిపించేవాడు కాదు. రేవుల్లో నావికుల క్లబ్బులుంటాయి, అక్కడ కంప్యూటర్లుంటాయి, కెమెరా పెట్టుకుని మొహాలు చూసుకుంటూ మాట్లాడుకోవచ్చు అని తెలిసిన దగ్గర్నుంచి అతనికి అదే ధ్యాస.

"టౌన్లో ఉంటే ఇంటర్నెట్ ఉంటాది. రేవుకెళ్లినప్పుడల్లా కనపడతాను" అన్నాడు.

అలా మేడమీద ఒక వాటా అద్దెకు తీసుకున్నాం. ఒక గది, వంటిల్లు, మీద ఎండంతా తాగే శ్లాబు. కింద ఇంటి యజమానురాలు ఒక్కతే ఉండేది. మునగపాక దగ్గర చెరకు పొలం కౌలుకిచ్చి టౌన్‌కి వచ్చేసిన పెద్దావిడ. నేను మామ్మగారూ అనేదాన్ని. ఆ ఊళ్లో నాకు తెలిసిన మనిషి ఆవిడే.

కంప్యూటర్‌ని బావ సెలవులో ఉండగా తనే బిగించాడు. విశాఖపట్నం వెళ్లి విడిభాగాలన్నీ కొనుక్కొచ్చి నేలమీద పాత చీర పరిచి కూర్చున్నాడు. గదిలో కుట్టుమిషన్ పక్కన ఒక చిన్న బల్లకే చోటుంది. పెద్ద డబ్బా పట్టదన్నాను. అందుకని వెతికి వెతికి చెప్పుల పెట్టెకంటే కాస్త పెద్దదిగా ఉన్న క్యాబినెట్ తెచ్చాడు. అందులోకి అన్నీ పట్టించడానికి తంటాలు పడ్డాడు. తీరిగ్గా చేద్దామనుకున్నాడు గానీ, పని సగంలో ఉండగా కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, వెంటనే బయల్దేరమని. ఒకవైపు నేను బట్టలు సర్దుతుంటే ఇంకోవైపు అతను స్క్రూలు బిగించాడు. తెర వెలిగింది. "సూసేవా!" అని ఒక్కసారి నా వైపు తిరిగి నవ్వి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

చలికాలమంతా బాగానే నడిచింది. ఓడ కొరియా, జపాన్ వైపు తిరిగేది. అక్కడ సాయంత్రం డ్యూటీ దిగి అతను క్లబ్బుకి వచ్చేసరికి మాకు మధ్యాహ్నం. ఎండలు ముదిరాక కంప్యూటర్ ఆగిపోవడం మొదలుపెట్టింది. హెచ్చరికా లేదు, ఏమీ లేదు. బావ ఏదో చెబుతూ నోరు తెరిచి ఉండగానే తెర నల్లబడేది. అందులో నా మొహం నాకే కనిపించేది. మళ్లీ నొక్కితే వెలిగేది కాదు, వెలిగినా కాసేపటికే ఆగిపోయేది. అది కుదుటపడేలోపు అక్కడ అతని వెనక నిలబడ్డవాళ్లు కుర్చీ కోసం తొందరపెట్టేవాళ్లు. ఓడ రేవు వదిలితే ఇక వారాలపాటు ఏమీ ఉండదు.

కింద మామ్మగారికి నా అడుగుల చప్పుడుబట్టే తెలిసిపోయేది.

"ఏటమ్మా, మల్లా ఆగిపోనాదా?"

"ఆగిపోయిందండి."

"అయ్యో. ఏటన్నాడు మరి?"

"ఏదో అనబోయాడండి."

డబ్బాని దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని మెయిన్ రోడ్డులో ఒక కంప్యూటర్ షాపుకి తీసుకెళ్లాను. షాపతను చూసి "వైరస్ మేడం" అన్నాడు. లోపలి సాఫ్ట్‌వేరంతా తుడిచేసి కొత్తగా ఎక్కించాడు. రోజంతా వేసి ఉంచితే ఒక్కసారి కూడా ఆగలేదన్నాడు. నమ్మి తెచ్చుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం ఆగిపోయింది. మళ్లీ తీసుకెళ్తే ఈసారి ప్రాసెసర్ పోయిందేమో, మార్చి చూద్దామన్నాడు. అలా మాట్లాడుతుండగా నా మెడ మీద చల్లగా తగిలింది. తలెత్తి చూస్తే ఏసీ. వైరస్ అయితే పొద్దున్న ఒకలాగ, మధ్యాహ్నం ఒకలాగ ఉండదు కదా అని అప్పుడు తట్టింది. ఇది వేడి గొడవ. "తర్వాత వస్తానండి" అని డబ్బా ఎత్తుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి కుట్టుమిషన్ స్క్రూడ్రైవర్‌తో పక్క రేకు విప్పాను. లోపల ఊపిరాడనట్టు ఉంది. ప్రాసెసర్ మీద అల్యూమినియం దిమ్మ, దాని మీద చిన్న ఫ్యాన్. ఆ ఫ్యాన్‌కి బెత్తెడు ఖాళీ కూడా లేకుండా పైనే కరెంటు సరఫరా పెట్టె. వైర్లన్నీ మధ్యలో కుక్కి ఉన్నాయి. కుంచెతో దుమ్ము దులిపాను, వైర్లు పక్కకు లాగి దారంతో కట్టాను. డబ్బా గాలి రంధ్రాలు గోడకి ఆనుకుని ఉన్నాయని ముందుకు జరిపాను. రేకు మూయకుండా ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టాను. తర్వాతి రేవులో బావ కనిపించినప్పుడు ఎప్పటికంటే కొంచెం ఎక్కువసేపే నడిచింది. కానీ మైకులో ఫ్యాన్ హోరు తప్ప నా మాట అతనికి చేరలేదు.

"ఏటే, తుపానొచ్చిందేటి అక్కడ?" అన్నాడు. నేను ఫ్యాన్ ఆపేశాను. కాసేపటికి తెర నల్లబడింది.

ఆ రోజు నేను కిందికి దిగలేదు. అన్నం తినాలనిపించలేదు. గంట గడిచాక బట్టలు కుట్టడానికి కూర్చున్నాను కానీ సూదిలో దారం ఎక్కించి అలాగే ఉండిపోయాను. ఈ ఊళ్లో నేనుండేదే ఆ కాసిని మాటల కోసం. అవి కూడా లేకపోతే ఈ గదిలో ఏం చేస్తున్నట్టు?

కంప్యూటర్ వెలిగేటప్పుడు ఒక మీట నొక్కితే నీలం తెర వస్తుందని, అందులో ప్రాసెసర్ ఎంత వేడెక్కిందో అంకెల్లో కనిపిస్తుందని షాపతను అంతకుముందే చూపించాడు. మర్నాడు అది తెరిచి కూర్చున్నాను. అంకె నా కళ్లముందే పెరుగుతోంది. పాలు పొంగుతాయేమోనని చూస్తున్నట్టు చూస్తూ, ఇంత వేడెక్కితే దిమ్మ ఎలా కాలిపోతోందో అనుకుని భయంభయంగా వేలు తగిలించాను. గోరువెచ్చగా ఉంది, అంతే.

నాకు అర్థం కాలేదు. కింద ప్రాసెసర్ కాలిపోతోందని తెర చెబుతోంది. దాని నెత్తిన కూర్చున్న దిమ్మ మాత్రం నాకేమీ తెలియదన్నట్టుంది. అడుగు సొట్టపడ్డ పెనం ఉంటుంది చూడండి, ఒక పక్క పొయ్యిమీద ఆనదు, అట్టు ఆ పక్క పచ్చిగా ఉండిపోతుంది. అది గుర్తొచ్చింది. వేడి ఉంది, పైకి రావడం లేదు. దిమ్మ నాలుగు మూలలా చూశాను. మూడు మూలల ప్లాస్టిక్ మేకులు బోర్డులోకి దిగి ఉన్నాయి. కరెంటు పెట్టె కిందున్న నాలుగోది వెంట్రుకవాసి పైకి లేచి ఉంది.

ఆ మూల బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుని తెర వైపు చూశాను. అంకె ఆగింది. తర్వాత దిగడం మొదలుపెట్టింది. వేలు తీస్తే పెరిగింది. మళ్లీ నొక్కితే దిగింది. ఎవరికైనా చూపించాలనిపించి, వేలు అక్కడే ఉంచి గట్టిగా కేకేశాను.

"మామ్మగారూ! ఒక్కసారి పైకి రండి!"

ఆవిడ ఏమైందోనని మోకాళ్లు పట్టుకుని ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. తెర మీద అంకె చూపించాను.

"ఏటది, జొరమా?"

"అలాంటిదేనండి. చూడండి, తగ్గుతోంది."

"తగ్గితే మంచిదే కదమ్మా. నువ్వెందుకు ఏడుత్తన్నావు?" అంది. ఏడుస్తున్నానని ఆవిడ అన్నాకే నాకు తెలిసింది.

తర్వాత పని నింపాదిగా చేశాను. కరెంటు పెట్టె విప్పి పక్కన పెట్టాను. దిమ్మ ఊడదీశాను. వేడి దిమ్మలోకి ఎక్కడానికి కింద రాసిన తెల్లని పేస్టు ఒక పక్క ఎండి బీటలు వారింది. దాని అంచున ఒక వేలిముద్ర ఉంది. పెద్దది, బావది. బయల్దేరే తొందరలో, ఇరుకులో చెయ్యి దూర్చి, దిగిందో లేదో చూసుకునే తీరిక లేక ఆ నాలుగో మేకు వదిలేశాడన్నమాట. ఆ ముద్ర వంక కాసేపు చూశాను. తుడవకపోతే కుదరదు. మందుల షాపులో తెచ్చిన స్పిరిట్‌లో దూది ముంచి శుభ్రంగా తుడిచేశాను. కంప్యూటర్ షాపులో కొన్న కొత్త పేస్టు పెసరగింజంత పెట్టి దిమ్మ ఆనించి, మేకులు ఎదురెదురు మూలల వరసలో నొక్కాను. చివరిదానికి బోర్డు వంగింది. విరుగుతుందనుకుని కళ్లు మూసుకున్నాను. టక్‌మని దిగింది.

ఓడ రేవుకి వచ్చేదాకా రోజూ మధ్యాహ్నం కంప్యూటర్ వేసి చూసుకున్నాను. ఆగలేదు.

బావ కనిపించగానే ముందు అదే చెప్పాను.

"నువ్వు పెట్టిన ఫ్యాన్ ఒక మూల దిగలేదు బావా. నేనే విప్పి పెట్టేను."

"నువ్వే? పేస్టు మార్చేవా?"

"మార్చేను."

"కరెంటు పెట్టె ఎలా తీసేవు? నా చెయ్యే పట్టలేదు అందులో."

"నా చెయ్యి చిన్నది కదా."

అతను పగలబడి నవ్వాడు. ఇంజిన్ గదిలో పనిచేసే మనిషి కదా, ప్రతీదీ గుచ్చి గుచ్చి అడిగాడు. నేను పూసగుచ్చినట్టు చెప్పాను. అంత బాగా మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ తర్వాత మాటలు అయిపోయాయి. కంప్యూటర్ మాత్రం నడుస్తూనే ఉంది. ఎప్పుడూ ఎక్కడ తెగిపోతుందోనన్న కంగారులో గబగబా మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు తెగదు. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు.

"ఇంకేటి?" అన్నాడు.

"ఏటీ లేదు. నువ్వు చెప్పు."

అతను తల పక్కకు తిప్పి, మళ్లీ కెమెరా వైపు చూశాడు. "ఒకటుంది. వైశాఖంలో వత్తానన్నాను కదా. ఇంకో నాలుగు నెలలుండమన్నారు. సరేనన్నాను."

"ఎప్పుడన్నావు?"

"రెండు రేవుల కిందట. సెప్దామనుకునేలోపు నువ్వు మాయమైపోయేదానివి."

"నేనెక్కడికీ మాయమవలేదు బావా. ఇక్కడే ఉన్నాను."

వెనక కుర్చీలు జరుపుతున్న చప్పుడు, ఏదో తెలియని భాషలో నవ్వులు వినిపించాయి. తెగిపోతే బాగుండునని మొదటిసారి అనిపించింది. తెగలేదు. చివరికి అతనే, "జాగ్రత్తగుండు. మరి ఎల్తాను" అన్నాడు. "సరే" అన్నాను.

బావ దసరా దాటాక వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. కొన్నేళ్ల తర్వాత సముద్రం మానేసి ఒడ్డునే పని చూసుకున్నాడు. కానీ ఆ మధ్యాహ్నం నాకవేవీ తెలియవు. గదిలో ఉండలేక కిందికి దిగాను. మామ్మగారు వసారాలో చాప మీద కొత్త చింతపండు పోసుకుని గింజలు తీస్తోంది.

"ఈయేళ ఆగిపోనేదా?"

"లేదండి."

"ఏటన్నాడు?"

"ఇంకో నాలుగు నెలలంట."

ఆవిడ నా మొహం చూసింది. చింతపండు కుప్పలో సగం నా వైపు తోసి, చాప మీద కాస్త జరిగింది. నేను కూర్చుని ఒక పిడికెడు చేతిలోకి తీసుకున్నాను.