ఏనుగు చావని చారిత్రక నవల

ఇప్పుడు నేను చెప్పబోయేది ఓరుగల్లు చరిత్రలో ఇంకో ముట్టడి గాథ. ఇందులో రాజులున్నారు, రాణులున్నారు, ఏనుగులున్నాయి, కోటగోడ దూకే గుర్రాలున్నాయి. ద్రోహం ఉంది. ఒక వృద్ధ వీరుడు ప్రతి శనివారం దూరదేశం నుంచి వస్తాడు. చదివేవాళ్ళు గుండె చిక్కబట్టుకోవాలి.

అంత లేదు. గుండె వదిలేయండి. ఇది మా పేట గ్రంథాలయంలోని ఒక చెక్క బీరువా గురించి. రాజులూ ఏనుగులూ ఉన్నమాట నిజమే, అందరూ ఆ బీరువాలోనే ఉన్నారు. దూరదేశమంటే నెక్కొండ. ప్యాసింజర్ రైల్లో వచ్చేంత దూరం.

డిగ్రీ అయ్యాక నేను ఆ గ్రంథాలయంలో స్థిరపడ్డాను. ఉద్యోగం అనుకునేరు. ఉద్యోగ నోటిఫికేషన్ కోసం ఎదురుచూడటం. వరంగల్‌లో నా వయసు వాళ్ళకు అదే పెద్ద పరిశ్రమ. పొద్దున తాళం తీయకముందే వాకిట్లో వాటర్ బాటిళ్ళు వరుసగా నిలబడి ఉంటాయి, మనుషులు చాయ్ తాగడానికి పోతారు. సీటు మనిషిది కాదు, బాటిల్‌ది. నా బాటిల్‌కు మాత్రం శాశ్వత స్థానం ఉండేది, చారిత్రక నవలల బీరువా పక్కన. ఫ్యాన్ అక్కడ బాగా తిరుగుతుంది. చారిత్రక సాహిత్యంతో నా అనుబంధం అలా మొదలైంది.

ఒకరోజు మేడం వచ్చి బీరువా ముందు నిలబడింది. మేడం అంటే మా లైబ్రేరియన్. ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఆమె ఏమీ అనదు, చేతిలోని స్టాంపును బల్ల మీద ఠపీమని కొడుతుంది. అది చాలు.

“తమ్మీ, నీ బాటిల్ తియ్యి. గీ బీరువా లోపలి గదిల పెడ్తానం. దీని జాగల కొత్త టేబుల్ వస్తాంది.”

“బీరువా ఏం పాపం చేసింది మేడం?”

“ఎవ్వలు ముడ్తలేరు. నవలల కోసం ఎవ్వలొస్తాండ్రో నువ్వే చెప్పు. ఒక్క చాచా తప్ప.”

లోపలి గది అంటే పాత పేపర్ల కట్టలుండే చోటు. అక్కడికి పాఠకుల్ని పంపరు. కావలసిన పుస్తకం పేరు చెబితే మేడం తాళం తీసి తెచ్చివ్వాలి. మామూలుగా ఇదేం ఆపద కాదు. చాచాకు మాత్రం ఆపదే, ఎందుకంటే ఆయనకు ఏ పుస్తకం పేరూ తెలియదు.

చాచా డోర్నకల్ జంక్షన్లో రైళ్ళకు జెండా ఊపి ఊపి రిటైరై, నెక్కొండలో ఇల్లు కట్టుకున్నాడు. ప్రతి శనివారం చేతిసంచీతో వచ్చి, బీరువా ముందు స్టూలేసుకుని, ఒక్కో నవల తీసి ఆఖరి పేజీ చదివేవాడు. పెదవి విరిచి లోపల పెట్టి ఇంకోటి తీసేవాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

“ఆఖరి పేజీల ఏం జూస్తవ్ చాచా?”

“అందరు బతికున్నరా లేదా చూస్త బేటా. బతికుంటే తీస్కపోత.”

“చరిత్రల అందరు ఎట్ల బతికుంటరు? ఇప్పటికి ఎవ్వలన్న ఉన్నరా?”

“గది గాదు. పుస్తకం అయిపోయేసరికి బతికుండాలె. అటెన్క చస్తే నాకేం ఫికర్ లేదు.”

ఈ షరతు ఆయన కోసం కాదు, ఆయన భార్య, మా చాచి కోసం. చాచి ఇంట్లో కుట్టుమిషన్ నడుపుతుంది. సాయంత్రం మిషన్ ఆగాక చాచా పైకి చదవాలి, ఆమె జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూ వినాలి. అది ఆ ఇంటి పద్ధతి.

“రాజు చస్తే ఓర్సుకుంటది. రాజన్నంక తప్పదంటది. పోయిన పుస్తకంల ఏనుగు చచ్చింది బేటా. మూడు దినాలు కూరల ఉప్పు లేదు. అడుగుదామంటే భయమాయె.”

“అయితే సదువుడే బంద్ పెట్టు చాచా.”

“బంద్ పెడితే ఏం మాట్లాడుకుంటం? మిషన్ ఆగినంక ఇంట్ల సప్పుడుండది. ఇద్దరం క్యాలెండర్ దిక్కు జూసుకుంట కూసుంటం. పుస్తకముంటే ఆమె రాజును తిడ్తది, నేను రాజును ఎన్కేసుకొస్త. గట్ల పొద్దు పోతది.”

ఇక్కడ నా కళ్ళు చెమ్మగిల్లాయని రాయాలి. నిజానికి అప్పుడు నాకు ఆకలిగా ఉంది. కానీ టిఫిన్ చేసి వచ్చాక కూడా ఆ క్యాలెండర్ మాట మనసులోంచి పోలేదు.

అందుకని మేడంతో బేరం పెట్టాను. ఫ్యాన్ గురించి చెప్పలేదు, తెలుగు సాహిత్యం గురించి చెప్పాను. ఆమె స్టాంపు పక్కన పెట్టి విన్నది.

“సరే. నెలాఖరు దాంక జూస్త. అప్పటికి బీరువా ఖాళీ అయితే ఉంటది. నిండుగుంటే లోపలికి పోతది. మళ్ళ నా పానం తినద్దు.”

ఒక్కో నవలకు ఒక చీటీ రాసి, బయటికి కనపడేలా పెట్టడం నా వ్యూహం. మొదట ‘మహోజ్జ్వలం’, ‘అజరామరం’ అని రాశాను. ఎవరూ తల తిప్పలేదు. అజరామరమైనదాన్ని తొందరపడి ఈ రోజే చదవాల్సిన పనేముంది? అందుకని రెండోసారి పుస్తకాలను నిజంగా తిరగేసి, ఉన్నది ఉన్నట్టు రాశాను.

అట్ట మీద గుర్రం ఉన్న లావు పుస్తకానికి, ‘యువరాజు మొదటి వంద పేజీలు మేడ మీద నిలబడి ఆలోచిస్తాడు. ఆ తర్వాత గుర్రం ఎక్కుతాడు. తొందర ఉన్నవాళ్ళు గుర్రం దగ్గర్నుంచి మొదలుపెట్టవచ్చు.’ రాణి బొమ్మ ఉన్నదానికి, ‘రాణిగారి అందం ఎనిమిది పేజీలు. ఆలోగా శత్రువులు కోటను చుట్టుముట్టారు, ఎవరూ చూసుకోలేదు. బాగుంది.’ అట్ట ఊడిన ఒకదానికి, ‘ఇందులో సన్యాసి గూఢచారి. ఇదేం రహస్యం కాదు, ఇలాంటి నవలల్లో సన్యాసులందరూ గూఢచారులే. అయినా రాత్రి నిద్ర పోనివ్వదు.’ అడుగు అరలో ఒకటి దొరికింది, బహుశా ఎవరూ తెరవనిది. దానికి, ‘యుద్ధం లేదు. ఊరంతా కలిసి చెరువు తవ్వుతారు. మూడు వందల పేజీలు తవ్వుతారు. నీళ్ళు వస్తాయో రావో చివరిదాకా తెలియదు.’

జనం ఆగి చీటీలు చదివారు, నవ్వారు, పుస్తకాలు వదిలి పోయారు. చీటీలకు మంచి పాఠకాదరణ లభించింది.

అప్పుడు నా ఎదురు సీటు అమ్మాయి అడిగిందొక ప్రశ్న. ఆమెది కాశిబుగ్గ, మగ్గాలుండే ఇల్లు. ఆ చప్పుడులో చదువు సాగదని ఇక్కడికి వస్తుంది, ఇక్కడి నిశ్శబ్దానికి నిద్రొస్తోందని మమ్మల్ని తిడుతుంది.

“అన్నా, గివి సిలబస్‌ల ఉన్నయా?”

“కాకతీయుల కాలం కథలే చెల్లె.”

“కాకతీయులు సిలబస్‌ల ఉన్నరు గద. అంటే ఉన్నట్టే. గదొక్క ముక్క రాయవైతివి, ఏనుగు, గుర్రం, తోక అని ఏందేందో రాస్తివి.”

ప్రతి చీటీ కింద ఒక వాక్యం కలిపాను: ‘కాకతీయుల కాలం. పరీక్షకు పనికిరావచ్చు.’

మధ్యాహ్నానికి బీరువా ఖాళీ. ఒకరు తీస్తే ఇద్దరు వెనకాల నిలబడ్డారు. ఎక్కడ వెనకబడిపోతామో అని, ఏ పుస్తకమో చూడకుండానే పట్టుకుపోయారు. అడుగు అరలోని చెరువు పుస్తకం చివరికి మిగిలితే దాన్ని ఆ కాశిబుగ్గ అమ్మాయే తీసుకుంది. మేడం ఖాళీ అరల దిక్కు చూసి, స్టాంపును మెల్లగా కింద పెట్టింది. నాకు తెలిసి అది అభినందన.

శనివారం చాచా వచ్చాడు. నేను విజయగర్వంతో ఎదురుపోయాను.

“చూడు చాచా! బీరువా బతికింది!”

ఆయన స్టూలేసుకుని కూర్చుని, ఖాళీ అరలో చెయ్యి పెట్టి అటూ ఇటూ తడిమాడు.

“బతికింది గని బేటా, లోపల ఎవ్వలు లేరు గద.”

ఈ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. గ్రంథాలయంలో ప్రతి టేబుల్ మీదా చారిత్రక నవల తెరిచి ఉంది, ప్రతిదాని మీదా పసుపు హైలైటర్ పాకుతోంది. ఎదురు సీటు దగ్గరికి పోయి గుసగుసగా బతిమాలాను.

“చెల్లె, నీ చెరువు పుస్తకం జర చాచాకియ్యరాదు.”

“మంగళవారం మాక్ టెస్టున్నదన్నా. చెరువులు ఇంపార్టెంట్. అటెన్క ఇస్త.”

“సదువుకోనియ్ బేటా,” అన్నాడు చాచా. “పిల్లకు నౌకరొస్తే మంచిదే గద.” సంచీని చిన్నగా మడిచి జేబులో పెట్టుకుని రైలుకు పోయాడు. ఆ వారం వాళ్ళింట్లో క్యాలెండర్ అన్నమాట.

మంగళవారం ఒక కోచింగ్ సెంటర్లో జరిగిన మాక్ టెస్టులో, కోట తూర్పు వాకిలిని కాపాడిన సేనాపతి ఎవరని అడిగారు. నాలుగు ఆప్షన్లు ఇచ్చారు. మావాళ్ళు ఆ నాలుగింటినీ కాదని, గుర్రం పుస్తకంలోని సేనాపతి పేరును అయిదో ఆప్షన్‌గా చేత్తో రాసి, దానికే టిక్ పెట్టి వచ్చారు. తప్పని మార్కు కోస్తే ఊరుకున్నారా? ‘కీ’ మీద ఆబ్జెక్షన్ పెట్టారు. ఆధారంగా నవల పేజీ జతచేశారు. అక్కడి సారు పేజీ చూసి, ఆ సేనాపతి పుట్టింది రచయిత బుర్రలో అని చెప్పి, క్లాసు క్లాసంతటినీ నిలబెట్టాడట.

మర్నాడు పొద్దున బాటిళ్ళ కంటే ముందు పుస్తకాలొచ్చాయి.

“అన్నా! ఆ సేనాపతి లేడంట గద!”

“ఎందుకు లేడు? రెండు వందల పేజీలున్నడు.”

“చరిత్రల లేడంట!”

“నేను నవల అని చెప్పిన. పనికిరావచ్చు అన్న, వస్తదన్ననా?”

అందరూ ఒకేసారి అరిచారు. స్టాంపు పడింది. నిశ్శబ్దంలో ఒక్కొక్కరే వచ్చి పుస్తకాలు అప్పజెప్పారు. సాయంత్రానికి బీరువా మళ్ళీ కిక్కిరిసిపోయింది. చెరువు పుస్తకం ఒక్కటే రాలేదు.

నెలాఖరు శనివారం పడింది. కొత్త టేబుల్ అప్పటికే వరండాలో దిగింది. మేడం మాట మీద నిలబడే మనిషి. పుస్తకాలు దించి పక్కన పేర్చి, నలుగురం బీరువాకు చేతులు వేశాం. సరిగ్గా అప్పుడే చాచా వచ్చాడు. ఆయన స్టూలు ముందు బీరువా లేదు, అది గది మధ్యలో ఉంది, వెళ్ళిపోతోంది.

“ఏమైతాంది బేటా?”

“లోపలికి పోతాంది చాచా. గిప్పట్నుంచి పేరు చెప్తే మేడం తెచ్చిస్తది.”

“పేరు చెప్తే సరే. మరి ఆఖరి పేజీ ఎవ్వలు చూపిస్తరు?”

నేను ‘అబ్బా’ అని మూలిగాను. భావోద్వేగంతో కాదు, నా వేలు బీరువా కింద పడింది.

ఎదురు సీటు అమ్మాయి లేచి వచ్చింది. చేతిలో చెరువు పుస్తకం.

“చాచా, గిది తీస్కపో. ఆఖరి పేజీ సూసుడు అక్కెర లేదు. నేను మొత్తం సదివిన.”

“టెస్టు అయిపోయింది గద, ఇంకెందుకు సదివినవ్?” అన్నాను వేలు ఊదుకుంటూ.

“నీళ్ళొస్తయో రావో సూడద్దా?” అని నా మీద లేచి, చాచా వైపు తిరిగింది. “ఎవ్వలు చావరు చాచా. ఒక్క దున్నపోతుకు కాలిరుగుతది. గది గూడ నయమైతది.”

“ఏనుగు?”

“ఏనుగే లేదు.”

చాచా ముఖం విప్పారింది. అయినా అలవాటు ప్రకారం ఆఖరి పేజీ తీసి, పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. నీళ్ళు వచ్చాయి కాబోలు, తల ఊపి, సంచీ విప్పి పుస్తకం లోపల పెట్టుకున్నాడు. “మీ చాచికి ఆ దున్నపోతు ముచ్చట ముందుగాలనే చెప్త. గుండె నిబ్బరం చేసుకుంటది,” అని రైలుకు పోయాడు.

మేం మళ్ళీ బీరువా మీద పడ్డాం. నిలబెట్టి తోశాం. పక్కకు తిప్పి తోశాం. పడుకోబెట్టి లాగాం. చివరికి మేడం తన చేతి జానతో తలుపునూ, తర్వాత బీరువానూ కొలిచింది. దీన్ని వడ్రంగి ఈ గదిలోనే కూర్చుని చేశాడని చెప్పింది.

అది ఏ పక్క నుంచి చూసినా లోపలి గది తలుపు కంటే జానెడు వెడల్పు.