పట్టయాకు పద్దెనిమిది మంది, నేను

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పత్తి విత్తనాలు బాగా అమ్ముడుపోయిన ఒక ఏడు, కంపెనీ వాళ్లు మా వైపు డీలర్లను థాయిలాండు యాత్రకు పంపించారు. ఆళ్లగడ్డలో మాది విత్తనాలు, పురుగుమందులు అమ్మే చిన్న దుకాణం. దుకాణానికి రెండు టికెట్లు. రెండో టికెట్టుకు అందరూ బామ్మర్ది పేరో స్నేహితుడి పేరో రాయించారు. మా ఆయన శ్రీనివాసులు ఒక్కడే భార్య పేరు రాయించాడు. అట్లా రాయించకూడదని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

బస్సు తెల్లవారుజామున నంద్యాలలో బయలుదేరి ఆరు దాటాక మా ఊరికి వచ్చింది. దూరం నుంచే సినిమా పాటల మోత వినిపించింది. నేను మెట్టెక్కి లోపలికి చూడగానే పాట ఆగిపోయింది. ఎవరో క్యాసెట్ మార్చారు. కంపెనీ ఆఫీసరుతో, మా ఆయనతో కలిపి బస్సులో పద్దెనిమిది మంది మగవాళ్లు. ఆడమనిషిని నేనొక్కదాన్నే.

"ఏమప్పా శ్రీనివాసులూ, సరోజమ్మను గూడా పిల్చకొచ్చినావే!" అన్నాడు నంద్యాల ఓబులేసు. గుంపుకు ఆయనే పెద్ద. యాభై దాటిన మనిషి, హోల్‌సేల్ వ్యాపారి. మా దుకాణానికి సరుకు ఆయన గోడౌను నుంచే రావాలి.

"టికెట్టు ఇద్దరికి గదన్నా," అన్నాడు మా ఆయన.

కడపలో ఇడ్లీ తిన్నాం, రేణిగుంటలో భోజనం చేశాం. సాయంత్రం మద్రాసు చేరేదాకా బస్సులో దేవుడి పాటలే. ఎంత భక్తిపరులతో పోతున్నానో అని నేను సంతోషపడ్డాను.

రాత్రి విమానంలో అందరూ నిద్రపోయారు. పొద్దున బ్యాంకాక్‌లో దిగి, రెండు గంటలు బస్సులో పోతే పట్టయా వచ్చింది. మా బస ఒక పాతకాలపు తోట రిసార్టు. పెంకుటిళ్ల లాంటి గదులు, మధ్యలో పెద్ద తోట. దేవగన్నేరు చెట్ల కింద సిమెంటు బెంచీలు, కొబ్బరి చిప్పల్లో వేలాడే పూలమొక్కలు, చేపలున్న చిన్న నీళ్లగుంట. గది తాళంచెవికి కట్టిన చెక్కముక్క అప్పడాల కర్రంత ఉంది. ఏసీ వేస్తే మంచం కూడా వణికేది. అక్కడికి పోయేవాళ్లు గుంట వైపు గది అడిగి తీసుకోండి. గోడ వైపు గదుల్లో సాయంత్రం ఆరు దాటితే పాటల మోతకు గ్లాసులో నీళ్లు ఎగురుతుంటాయి. గోడ అవతలే ఊరంతా పేరు మోసిన సాయంకాలపు బజారు. ఆ సంగతి పద్దెనిమిది మందికీ తెలుసు. తెలియనిది నాకే.

మొదటిరోజు సాయంత్రం ఏసీ వణుకు భరించలేక నేను తోటలోకి వచ్చి గేటు దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి ఓబులేసు వచ్చాడు. కొత్త చొక్కా, పది అడుగుల దూరం నుంచే సెంటు వాసన. నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏమన్నా, యాడికి పోతాండావు?" అన్నాను.

"యాడికీ లేదమ్మా. గాలికి వచ్చినా," అని వెనక్కి తిరిగి ఇంకో బెంచీ మీద కూర్చున్నాడు.

తర్వాత వెలుగోడు మద్దిలేటి తల దువ్వుకుంటూ వచ్చాడు. "కడుపు నొప్పి వదినా, మాత్ర తెచ్చుకుందామని," అన్నాడు. నా సంచిలో ఉన్న మాత్ర ఇచ్చాను. పాపం, నా ఎదురుగానే మింగి వెళ్లి ఓబులేసు పక్కన కూర్చున్నాడు. ఒక్కొక్కరే వచ్చారు, ఒక్కొక్కరే కూర్చున్నారు. చీకటి పడేసరికి తోట బెంచీలన్నీ నిండిపోయాయి. గోడ అవతల సంగీతం, ఇవతల పెళ్లిచూపులకు వచ్చినట్టు ముస్తాబైన మగవాళ్లు. నేను మర్యాదగా అందరికీ ఇంటినుంచి తెచ్చిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి పంచాను.

మరుసటిరోజు మధ్యాహ్నం మా ఆయన ముఖం వేలాడేసుకొని గదికి వచ్చాడు.

"సరోజా, ఈ పొద్దు సాయంత్రం తలనొప్పి అని పండుకోరాదా?"

"నాకు తలనొప్పి లేదే."

"ఉందని చెప్పు. నువ్వు గేటుకాడ కూర్చుంటే వాళ్లు బయటికి పోలేక చస్తాండారు. రేపు నువ్వు పోయి వాళ్ల ఆడోళ్లకు చెప్తావని భయం. ఓబులేసన్న మాట వదిలినాడు. సీజన్లో విత్తనం యాడ తెచ్చుకుంటావో చూస్తా అన్నాడు."

అప్పుడు నాకు సంగతంతా తెలిసింది. మొదట నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. ఆయన సరుకు ఆపితే జూన్లో మా దుకాణం తలుపు తీసినా ఒకటే, తీయకపోయినా ఒకటే. చివరికి కోపమొచ్చింది. తిరుపతి దాటి ఎరగని దాన్ని సముద్రం దాటి వచ్చాను. వచ్చింది వణికే గదిలో లేని తలనొప్పితో పడుకోవడానికా?

సాయంత్రం ఏడింటికి పట్టుచీర కట్టుకొని తోటలోకి పోయాను. అందరూ ఉన్నారు.

"అన్నా, ఆ బజారు నేను గూడా చూస్తా. అందరం కలిసే పోదాం పాండి," అన్నాను.

ఓబులేసు మా ఆయన వైపు తిరిగాడు. కంపెనీ ఆఫీసరు చేపల వైపు చూస్తున్నాడు. చివరికి మద్దిలేటి లేచి, "వదిన చెప్తాంది గదా, పాండి," అన్నాడు. నేను ముందు, వాళ్లు వెనక, బడిపిల్లల వరసలా గేటు దాటాం.

ఆ బజారు గురించి ఏం చెప్పాలి? ఎర్రదీపాలు, పచ్చదీపాలు, ఒక్కో కొట్టు నుంచి ఒక్కో పాట. భుజాన కొండచిలువను వేసుకొని ఫొటో దిగమనే మనిషి. కొట్ల ముందు ఎత్తు కుర్చీల మీద కూర్చుని అందరినీ పిలిచే అమ్మాయిలు. మావాళ్లు తలలు వంచుకొని నా పట్టుచీర అంచును చూస్తూ నడిచారు. వాళ్లు తలెత్తింది ఒక తోపుడుబండి దగ్గరే. పళ్లాల్లో వేయించిన పురుగులు పోసి అమ్ముతున్నారు.

మద్దిలేటి వంగి చూశాడు. "ఇది మన పచ్చపురుగు మాదిరి లేదాప్పా?"

"అదే గాదురా. దాని దాయాది," అన్నాడు ఓబులేసు.

"పళ్లెం ఇంత రేటా! మనమేమో చేన్లో మందు కొట్టిచ్చి సంపుతాంటిమి గదన్నా!"

పురుగుమందుల వ్యాపారులు ఆ బండి చుట్టూ మూగి పళ్లెం రేటు లెక్కగట్టుకున్నారు.

అంతలో పక్క కొట్టు అమ్మాయి వచ్చి ఓబులేసు చెయ్యి పట్టుకొని లోపలికి లాగింది. నంద్యాలలో లారీ డ్రైవర్లను గడగడలాడించే మనిషి "సరోజమ్మా!" అని కేకేసి వచ్చి నా వెనక దాక్కున్నాడు. నా కొంగు గట్టిగా పట్టుకున్నాడు. ఆ అమ్మాయి నన్ను చూసింది. వాళ్లందరినీ చూపించి, వీళ్లు నీవాళ్లా అన్నట్టు సైగ చేసింది. మావాళ్లే కదా, తలూపాను. ఆమె వేలితో ఒక్కొక్కరినే లెక్కపెట్టుకుంటూ పోయింది. పద్దెనిమిది దగ్గర ఆగి, కళ్లు పెద్దవి చేసి, రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టింది. అందరూ నా మొగుళ్లే అనుకుందని ఆఫీసరు చెప్పేదాకా నాకు అర్థం కాలేదు.

అది తప్పని ఇంగ్లీషులో చెప్పడానికి ఆఫీసరు చాలా కష్టపడ్డాడు. ఆమె నమ్మలేదు. నాకు కుర్చీ వేసింది, కొబ్బరి నీళ్లు తెచ్చింది. మావాళ్లు చుట్టూ కూర్చొని చల్లని సోడాలు తాగారు. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, మీ నాయన ఏం చేస్తాడని మద్దిలేటి ఆఫీసరుతో అడిగించాడు. వరి పండిస్తాడంది.

అంతే. "ఎన్ని ఎకరాలు?" "నీళ్లు యాడివి?" "మందు ఎన్నితూర్లు కొడ్తారు?" ప్రశ్నల మీద ప్రశ్నలు. మిగిలిన అమ్మాయిలు కూడా చేరారు. వాళ్లల్లో సగంమందివి పొలాలున్న ఇళ్లే. ఓబులేసు కుర్చీ ముందుకు జరుపుకొని కాండం తొలిచే పురుగు ఎట్లా పాకుతుందో వేళ్లతో చూపించాడు. ఒకమ్మాయి వాళ్ల దున్నపోతు కొమ్ములను చేతులతో చూపించింది. వ్యాపారం జరగడం లేదని కొట్టు యజమాని రెండుసార్లు వచ్చి మాకేసి గుర్రుగా చూసిపోయాడు. గంటన్నర తర్వాత, "బేగా పోదాం పాండి, అన్నానికి టైమైతాంది," అని నేనే లేపాల్సి వచ్చింది.

మూడోరోజు, నాలుగోరోజు సాయంత్రం నేను బయటికి వచ్చేసరికే ఓబులేసు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "అమ్మా, పోదామా?" అన్నాడు. మా ఆయన నా వైపు చూసి నవ్వు ఆపుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు ఆళ్లగడ్డలో ఆగింది. మేం దిగబోతుంటే ఓబులేసు మా సంచి పట్టుకున్నాడు. "నంద్యాల దాకా రామ్మా. మా ఇంట్లో నేను చెప్తే నమ్మరు. నువ్వు చెప్తే నమ్ముతారు."

సరేనని పోయాం. ఆయన ఇంటి వసారాలో ఆయన భార్య, ఇంకో నలుగురు డీలర్ల భార్యలు నా కోసం కాఫీ పెట్టుకొని కూర్చున్నారు.

"నిజం చెప్పు సరోజమ్మా, ఈళ్లు ఆడ ఏం చేసినారు?"

"దీపాల బజారుకు పోయినాం. ఆడి అమ్మాయిలతో కూర్చొని వరికి పట్టే పురుగు గురించి మాట్లాడినారు," అన్నాను, జరిగింది జరిగినట్టు.

ఎవరూ నవ్వలేదు. ఓబులేసు భార్య కాఫీ గ్లాసు కింద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వు గూడా వాళ్లతో కలిసిపోతివా తల్లీ!" అంది. లోపలి గదిలోంచి ఓబులేసు బయటికే రాలేదు.

ఆ ఏడు మాకు అడిగినంత సరుకు పంపాడు. నేను ఇంకేమీ చెప్పకూడదనో, చెప్పింది నిజమైనందుకో, నేను అడగలేదు.

ఆ రోజు నంద్యాల నుంచి సాయంత్రం ఐదింటి ఆర్టీసీ బస్సులో ఆళ్లగడ్డకు తిరిగొచ్చాం. నాలుగు రోజుల్లో దీపాలు, పాములు, పురుగులు, అన్నీ చూశాను. ఎవరైనా పోతే ఆ పాత తోటలోనే దిగమంటాను. సాయంత్రాలు గదిలో కూర్చోవద్దంటాను. వచ్చాక ఇంట్లో ఏం చెప్పాలో మాత్రం నన్ను అడగొద్దు.

బస్సు ఊరు దాటాక మా ఆయన నెమ్మదిగా అన్నాడు. "గుళ్లు చూసొచ్చినాం అని చెప్పింటే పోయేది గదా. నమ్మింటారు."