బిస్కెట్ డబ్బాలో ప్రజాస్వామ్యం

ఓటు బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే. ఏ విషయమైనా సరే ఓటుకి పెట్టందే ఆయనకు ముద్ద దిగదు. కూరలో ఉప్పెంత వెయ్యాలన్నా ఓటు, కిటికీ తియ్యాలన్నా ఓటు. ఒకసారి వరసగా ఏడు తుమ్ములు తుమ్మి, "ఇది చలిగాలి వల్లా, డ్రైవరు కొట్టుకునే సెంటు వల్లా?" అని అందరిచేతా చీటీలు రాయించాడు. మూడు ఓట్లతో సెంటు గెలిచింది. డ్రైవరు ఆ సీసాని పెట్టె అడుగున దాచేసుకున్నాడు.

పరాయి దేశంలో, లిఫ్టు లేని మేడలో, మూడో అంతస్తులో ఉండేవాళ్ళు నలుగురు. బాబాయి, సరుకుల వ్యాను నడిపే డ్రైవరు, ఒక పెద్ద కొట్టు ముందు కాపలా కాసే సెక్యూరిటీ అన్న, అందరికన్నా చివర్న వచ్చిన పెయింటరు. మూడు మంచాలు పట్టే పెద్ద గది ఒకటి, ఒకే మంచం పట్టే చిన్న గది ఒకటి, వంటిల్లు. ఆ వంటింటి గూట్లో ఒక రేకు బిస్కెట్ డబ్బా. బిస్కెట్లు ఏనాడో అయిపోయాయి. మూతకి సన్నటి చీలిక కోసి, బాబాయి దాన్ని బ్యాలెట్ పెట్టె చేశాడు.

బాబాయి లాండ్రీలో పనిచేస్తాడు. హోటళ్ళ నుంచి వచ్చే దుప్పట్ల మూలన ఏది ఎవరిదో నల్ల సిరాతో గుర్తు వెయ్యడం ఆయన పని. ఆ సిరా వంద ఉతుకులు ఉతికినా పోదు. అడుగంటిన సీసా ఒకటి, మేనేజరు చేత కాగితం మీద అనుమతి రాయించుకుని మరీ ఇంటికి తెచ్చాడు. ఓటేసిన ప్రతివాడి ఎడమ చేతి చిటికెన వేలికీ ఆ సిరా చుక్క పడాల్సిందే. వారానికి నాలుగైదు ఎన్నికలు జరిగే ఇల్లు కాబట్టి, ఆ ఇంట్లోవాళ్ళ చిటికెన వేళ్ళు పుట్టుకతోనే నల్లగా ఉన్నాయేమో అనిపిస్తుంది.

పెయింటరు మొదటిసారి సంచితో గుమ్మంలోకి వచ్చినప్పుడు, బాబాయి రమ్మనలేదు, కూర్చోమనలేదు. "చెయ్యి చాపు" అన్నాడు.

"ఎందుకండీ?"

"నిన్ను ఇంట్లోకి తీసుకోవాలా వద్దా అని పొద్దున ఓటు జరిగింది. మూడు సున్నాతో గెలిచావు. ఇప్పుడు నీ ఓటు వెయ్యి."

"గెలిచేశాక ఇంకా ఎందుకు బాబాయ్?"

"మెజారిటీ పెరుగుతుంది కదరా!"

ఆ క్షణంలో అప్రయత్నంగా నోట్లోంచి వచ్చిన "బాబాయ్" అన్న పిలుపు ఆ తర్వాత మారలేదు. సంచి కింద పెట్టకముందే పెయింటరు తనకి తనే ఓటేసుకున్నాడు.

అన్నం దగ్గర బాబాయి ప్రసంగాలు వేరే. "చూడండ్రా, ఈ దేశంలో బస్సు మూడు నిమిషాలు ఆలస్యమైతే 'క్షమించండి' అని బోర్డు పెడతారు. మన దగ్గర మూడు గంటలు ఆలస్యమైతే, పాపం అలసిపోయాడని మనమే కండక్టరుకి మంచినీళ్ళిస్తాం."

"అయితే న్యాయమంతా ఇక్కడే ఉందంటావ్?" అని డ్రైవరు ఎగదోసేవాడు.

"ఎక్కడుంది నా బొంద! మొన్న పర్మిట్ ఆఫీసులో నన్ను ఐదు గంటలు కుర్చీకి అంటించేశారు. ఒక్క బోర్డు పెట్టారా? బస్సు కోసం ఆగినవాడికున్న మర్యాద కాగితం కోసం ఆగినవాడికి లేదు. రాసుకోండి, నేను రేపే ఉత్తరం రాస్తున్నాను."

ఉత్తరాలు ఆయన రెండో వ్యసనం. మేడ మెట్ల గోడలకి రంగు పెచ్చులూడి మనుషుల నెత్తిన పడుతోందని నగర కార్యాలయానికి అప్పటికే పదిహేడు రాశాడు. ఒక్కదానికీ జవాబు లేదు. "వాళ్ళు చదువుతున్నార్రా, అందుకే ఆలస్యం" అనేవాడు.

ఒకరోజు పెయింటరు ఉండబట్టలేక అడిగేశాడు. "నీకీ ఓటు పిచ్చి ఎందుకు పట్టింది బాబాయ్?"

బాబాయి అన్నం కలుపుతున్నవాడల్లా ఆగాడు. "అక్కడ ఓటుంది, నేను లేను. ఇక్కడ నేనున్నాను, ఓటు లేదు. పంతొమ్మిదేళ్ళయిందిరా. నన్ను ఎవడూ ఏదీ అడగలేదు. అడిగించుకోవాలని ఉండదా మనిషికి?"

డ్రైవరు, "అందుకని చారులో మిరియాల మీద ఎన్నిక పెడతావా?" అన్నాడు.

"చేతనైన చోట పెట్టుకుంటాను, నీకేం?" అని బాబాయి గుర్రుమన్నాడు.

నవ్వులాటకి మొదలైనా, ఆయన చట్టం మాత్రం నవ్వులాట కాదు. ఫ్రిజ్ తలుపు మీద అదే నల్ల సిరాతో రాసి అతికించి ఉంది. చీటీ మీద పేరు తప్ప ఇంకేం రాసినా చెల్లదు. దొంగ ఓటు వేసినా, లెక్క తప్పు చెప్పినా, మూడు నెలలు ఇంటిల్లిపాది అంట్లు తోమాలి. బెండకాయా, వంకాయా అన్న ఎన్నికలో డ్రైవరు బెండకాయకి రెండు చీటీలు వేసి దొరికిపోయాడు. ఏడుస్తూ రెండు రోజులు తోమి, మూడో రోజు పని తప్పించుకోవడానికి వరసకి అన్నయ్య అయ్యే ఎవరింట్లోనో తలదాచుకున్నాడు. బాబాయి వెళ్ళి చెవి పట్టుకుని తీసుకొచ్చి, ఆ రాత్రికే చట్టానికి తోక తగిలించాడు: "శిక్ష పూర్తయ్యేదాకా ముద్దాయి ఈ ఇల్లు వదిలి పోరాదు."

ఇలా ఉండగా పెయింటరు పనిలో పరంజా పలక జారి కిందపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తొడ దాకా కట్టు. రెండు నెలలు పని లేదు. మేస్త్రీ మంచివాడు, కాలు నయమయ్యాక రమ్మన్నాడు. కానీ ఆ దేశంలో పర్మిట్ ఉండాలంటే చిరునామా ఉండాలి. ఇల్లు పోతే పర్మిట్ పోతుంది, పర్మిట్ పోతే విమానం ఎక్కాల్సిందే. కాబట్టి పెయింటరుకి ఆ ఇల్లే ప్రాణం. కుంటికాలువాడికి కొత్తగా గది ఎవరిస్తారు?

అప్పటిదాకా చిన్న గది బాబాయిది. "పెయింటరుకి కాలు చాపుకోవడానికి ఎన్నికల అధికారి తన గది ఖాళీ చెయ్యాలా?" అని ఆయనే ఓటు పెట్టి, నాలుగు సున్నాతో ఓడిపోయి, ఈల వేసుకుంటూ పక్క చుట్టుకుని పెద్ద గదిలోకి మారాడు.

సరిగ్గా మూడు వారాలకి ఇంటి ఓనరమ్మ రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. "చిన్న గది నాకు పనుంది. ఒకటో తేదీకల్లా ఖాళీ చెయ్యాలి. ముగ్గురుంటే ఉండండి, నలుగురైతే కుదరదు" అని, అదే రొప్పుతో దిగిపోయింది. ఏం పని అని ఒక్కరూ అడగలేదు. ఎలా అడుగుతారు? ఆవిడ చివరి మెట్టు దిగేలోపే బాబాయి ఎన్నికలు ప్రకటించేశాడు.

"ఓటెందుకు బాబాయ్, నేను వెళ్ళిపోతాను" అన్నాడు పెయింటరు.

"ఊరుకో. ఎవడికి వాడు పోతానంటే అది త్యాగం. నలుగురూ కలిసి చెప్తే అది న్యాయం. ఓటు లేకుండా ఈ ఇంట్లోంచి పిల్లి కూడా కదలడానికి వీల్లేదు."

ఆదివారం పొద్దున టీ తాగాక పోలింగు. 'ఇల్లు వదలాల్సిందెవరు?' అన్న ప్రశ్న ఫ్రిజ్ మీద రాశారు. ఒక్కొక్కరే గోడ వైపు తిరిగి రాసి డబ్బాలో వేశారు. పెయింటరు పెన్సిలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. డ్రైవరుకి ఊళ్ళో చెల్లెలి చదువు. సెక్యూరిటీ అన్నకి ఇద్దరు పిల్లలు. బాబాయి పెద్దవాడు. ఇంక మిగిలిందెవరు? 'పెయింటరు' అని రాసి, మడిచి, చీలికలోంచి లోపలికి తోసేశాడు. వేలికి సిరా పడుతుంటే అమ్మ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

బాబాయి కళ్ళజోడు సవరించుకుని, డబ్బా మూత తీశాడు. మొదటి చీటీ విప్పి చూసి, గొంతు సవరించుకున్నాడు. రెండోది చూసి మళ్ళీ సవరించుకున్నాడు. నాలుగూ చూసేసరికి గొంతు పూర్తిగా శుభ్రపడింది.

"బాబాయి" అని చదివాడు. ఒక చీటీ డబ్బాలో వేశాడు. "బాబాయి. బాబాయి. బాబాయి. నాలుగుకి నాలుగు! ఘోర పరాజయం! డిపాజిట్ కూడా దక్కలేదు! శభాష్ రా అబ్బాయిలూ, ఇదీ ప్రజాస్వామ్యమంటే!" అని ఓడినవాడు గెలిచినవాడిలా చంకలు కొట్టుకుంటూ మంచం కిందనుంచి ట్రంకు పెట్టె లాగాడు. "నాకేం ఫరవాలేదు. లాండ్రీలో సామాన్ల గదుంది, వెచ్చగా ఉంటుంది. చిరునామా కూడా వాళ్ళే ఇస్తారు."

డ్రైవరు సెక్యూరిటీ అన్న వంక చూశాడు. సెక్యూరిటీ అన్న డ్రైవరు వంక చూశాడు. పెయింటరు ఎవరి వంకా చూడలేదు. నాలుగుకి నాలుగెలా వస్తాయి? తను రాసింది బాబాయి పేరు కాదే!

పంతొమ్మిదేళ్ళు న్యాయం న్యాయమని గొంతు చించుకున్న పెద్దమనిషి జీవితంలో మొదటిసారి రిగ్గింగు చేశాడు. పాపం, అనుభవం లేదు. ఉన్నవాడైతే మూడు దగ్గర ఆపేవాడు.

"రిగ్గింగ్!" అని అరిచాడు పెయింటరు. "మళ్ళీ లెక్కపెట్టాలి!"

బాబాయి చటుక్కున డబ్బా కుర్చీలో పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. "అధికారి మాట ఆఖరి మాట!"

"లే బాబాయ్."

"లేవను. ఎన్నికల రహస్యం."

డ్రైవరు, సెక్యూరిటీ అన్న చెరో రెక్క పట్టుకుని లేపారు. పెయింటరు కుంటుకుంటూ వచ్చి, నొక్కుకుపోయిన డబ్బాలోంచి చీటీలు తీశాడు. ఒకటి ఖాళీ. "అది నాదే" అన్నాడు డ్రైవరు, నేల చూపులు చూస్తూ. "ఎవరి పేరు రాయడానికీ చెయ్యి రాలేదు." ఒకదాని మీద బాబాయి పేరు, ఆయన దుప్పట్ల మీద రాసే అక్షరాల్లోనే ఉంది. ఒకదాని మీద పెయింటరు పేరు, పెయింటరు రాసుకున్నదే. నాలుగోదాని మీద, 'పెయింటరు తమ్ముడు. ఇంటికెళ్ళి అమ్మ చేతి అన్నం తింటే ఎముక తొందరగా అతుక్కుంటుంది' అని ఉంది.

"మంచికే రాశానురా తమ్ముడూ" అని సెక్యూరిటీ అన్న మెడ గోక్కున్నాడు.

"పేరు కాక ఇంకేదో రాశావు. చెల్లదు!" అని బాబాయి అలవాటుగా అరిచి, నాలిక్కరుచుకున్నాడు.

"నాలుగూ 'బాబాయి' అని ఎలా చదివావు?" అడిగాడు పెయింటరు.

"కళ్ళజోడు పెట్టుకోలేదురా."

కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. పెయింటరుకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏడుపుని మింగేసి, ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి చట్టం గట్టిగా చదివాడు. "లెక్క తప్పు చెప్పినవాడు మూడు నెలలు అంట్లు తోమాలి. శిక్ష పూర్తయ్యేదాకా ముద్దాయి ఈ ఇల్లు వదిలి పోరాదు."

"అది నేను డ్రైవరు కోసం రాసిందిరా!"

"చట్టం అందరికీ ఒకటే అన్నది నువ్వే కదా?" అని డ్రైవరు ఎంతో తృప్తిగా ట్రంకు పెట్టె మళ్ళీ మంచం కిందకి తోసేశాడు.

ఇక మిగిలింది గది గొడవ. కనీసం రెండు నెలలు గడువడుగుదామని పెయింటరు చంక కర్రలతో ఒక్కో మెట్టే దిగి ఓనరమ్మ తలుపు తట్టాడు. "ఇంతకీ గది దేనికమ్మా?" అని అడిగాడు.

"దేనికేమిటి నా ఖర్మ! మెట్ల గోడలు బాగుచేయించమని నగర కార్యాలయం నోటీసిచ్చింది. ఎవడో పదిహేడు ఉత్తరాలు రాశాట్ట. రంగులేసేవాడిని ఎక్కణ్ణించో పిలిపించాలి. వాడు ఉండడానికి చోటు చూపిస్తే గాని రాడు."

పెయింటరు ఆవిడని చూశాడు. పెచ్చులూడిన గోడని చూశాడు. ఆ పెచ్చుల్లో ఒకటి వచ్చి అతని భుజం మీద పడింది.

"అమ్మా, రంగులేసేవాడు ఏడు నెలలుగా మీ మేడలోనే ఉన్నాడు" అన్నాడు.

కాలికి కట్టుంది కాబట్టి నిచ్చెన ఎక్కలేడు. స్టూలు మీద కూర్చుని చెయ్యి అందినంత మేర ముందు వేస్తానని, గోడ పై సగాన్ని కాలి కట్టు విప్పాక పూర్తిచేస్తానని ఒప్పందమైంది. చిన్న గది పెయింటరుకే ఉండిపోయింది. ఏ రంగు వెయ్యాలన్న దాని మీద బాబాయి మేడంతటికీ ఎన్నిక పెట్టాడు. ఓనరమ్మ కూడా ఓటేసి, వేలు ముందుకి చాపి, "ఇది ఎప్పుడు పోతుంది?" అని అడిగింది. "పోదు" అన్నాడు బాబాయి, గర్వంగా.

నెల తిరిగేసరికి బాబాయి అరిచేతులు ముడతలు పడ్డాయి. "ముద్దాయి సత్ప్రవర్తన చూసి శిక్ష తగ్గించాలా వద్దా?" అని ఆయనే ఓటు పెట్టాడు. శిక్షలో ఉన్నవాడు లెక్కపెట్టకూడదు కాబట్టి, డబ్బా పెయింటరు చేతికొచ్చింది.

"వద్దు" అని చదివాడు పెయింటరు. "వద్దు. వద్దు. వద్దు."

సబ్బు నురగలో చేతులున్న బాబాయి గిర్రున తిరిగాడు. "ఒరేయ్, నేను తగ్గించాలనే రాశాను కదరా! నాలుగు వద్దులెలా వచ్చాయి?"

"కళ్ళజోడు పెట్టుకోలేదు బాబాయ్."

"నీకసలు కళ్ళజోడే లేదు! రిగ్గింగ్! మూడు నెలలు అంట్లు! ఇల్లు వదిలి పోరాదు!"

"అందుకేగా" అన్నాడు పెయింటరు. స్టూలు ఈడ్చుకొచ్చి, కట్టు కాలు చాపుకుని, తొట్టి పక్కన కూర్చున్నాడు. "జరుగు."

బాబాయి జరిగాడు. గొంతు సవరించుకుని, "కంచాలు ముందా, గిన్నెలు ముందా?" అన్నాడు. ఉన్నది ఇద్దరు, చెరో ఓటు. ఆ పూట అంట్లు తెమలడానికి చాలాసేపు పట్టింది.