గొట్టం పొడవు

పెనుకొండ నుంచి హిందూపురానికి రోజూ బస్సులో నిలబడే వెళ్ళేవాణ్ణి. సీటు కోసం తోసుకోవడం నాకు చేతకాదు. మా ఇంట్లో మగవాళ్ళు పంచాయితీలు చెప్పినవాళ్ళే కాని, పంచాయితీలో నిలబడినవాళ్ళు కారు. భూములు పోయినా ఆ బిగువు నాలో పోలేదు.

మందుల కంపెనీ ల్యాబులో ఫ్రాక్షన్ కలెక్టర్ నడపడం నా పని. సరుకును వేరుచేసే కాలమ్‌ అనే నిలువు గొట్టంలోంచి దిగే ద్రావణంలో మనకు కావలసిన సరుకు ఎప్పుడొస్తుందో డిటెక్టర్ కనిపెడుతుంది. అక్కడి నుంచి ఆ ద్రావణం సన్నటి గొట్టం గుండా సాగి, వరుసగా పేర్చిన ట్యూబుల్లో చుక్కచుక్కగా పడుతుంది. ఆ గొట్టం దాటడానికి ఎన్ని సెకన్లు పడుతుందో మిషన్‌కు మనమే చెప్పాలి; సరుకు ఏ ట్యూబుల్లో పడిందో అది ఆ లెక్కతోనే చూపిస్తుంది.

ఒకరోజు ఆ గొట్టం కారుతుంటే కొత్తది బిగించాను. పాతదానికన్నా లావు, బారెడు పొడవెక్కువ. నాకు సీనియర్, ధర్మవరం మగ్గాల ఇంటి ఆడపడుచు, వచ్చి చూసింది.

“గొట్టం మార్చినావు సరే, టైము మార్చినావా?”

మరిచిపోయాను. చుట్టూ నలుగురున్నారు.

“మార్చినా,” అన్నాను.

“దొరకు చెప్పల్లనా అక్కా!” అని వెనక నుంచి ఎవరో నన్ను ఎగతాళి చేస్తూ నవ్వారు. ఆమె నా మాట నమ్మి స్టార్ట్ నొక్కింది.

మధ్యాహ్నం పరీక్ష చేస్తే, సరుకుండాల్సిన ట్యూబుల్లో పెద్దగా ఏమీ లేదు. మూడు వారాలు కష్టపడి తయారుచేసిన సరుకది. మళ్ళీ కాలమ్‌లో పోయడానికి కొంచెం కూడా మిగల్లేదు.

“కాలమ్ చెడిపోయినట్లుండాది. తక్కినవి పారబోసి ట్యూబులు కడగండప్పా,” అందామె.

సరుకు ఆ తక్కినవాటిలోనే, ఆలస్యంగా పడిందని నాకొక్కడికే తెలుసు. నిజం చెప్పకుండా వాటిని ఆపే దారి వెతికాను. కనిపించలేదు. అప్పటికే ఒకతను ఆ ట్యూబుల ర్యాకు చేతిలోకి తీసుకున్నాడు.

“పారబోయొద్దు. సరుకు దాంట్లోనే ఉండాది. టైము నేను మార్చలేదక్కా.”

“మార్చినా అంటివి కదా?”

“అబద్ధం చెప్పినా.”

ఆమె అతని చేతిలోంచి ర్యాకు తీసుకుని బల్లమీద పెట్టింది. “మా ఇంట్లో పోగు తెగితే మగ్గం అప్పుడే ఆపుతారప్పా. నువ్వు చీరంతా నేయనిచ్చినావు.”

ఆ ట్యూబుల్ని పరీక్షిస్తే సరుకు చాలామటుకు దొరికింది. ఆమె తప్పుల రిజిస్టరు నా ముందు పెట్టింది.

“మరిచిపోతినని ఒకటే కాదు. నేనడిగితే ఏం చెప్పినావో అది కూడా రాయి.”

మరపు ఎవరికైనా వస్తుంది. ఆ వాక్యం సులువుగానే రాశాను. రెండో వాక్యానికి చాలాసేపు పట్టింది. ఆమె చదివి, కింద సంతకం పెట్టింది.

“తేదీ వేయలేదే,” అంది.

వేశాను.